బొర్రా కొండకి అంత కన్నం ఎవులు పెట్టీసారు?

పోయిన చలికాలం మా అక్క కొడుకుని తీసుకుని బొర్రా వెళ్ళాం. వాడు నాలుగో క్లాసు. మా విజయనగరం జిల్లా ఎస్.కోట (శృంగవరపుకోట)లో రైలెక్కి, సొరంగం వచ్చినప్పుడల్లా బోగీ మొత్తంతో కలిసి గోల పెట్టి, బొర్రా గుహలు స్టేషన్లో దిగే టైముకే గొంతు పోగొట్టుకున్నాడు. గుహ నోట్లోకి అడుగు పెట్టగానే అందరూ ఫోన్లు పైకెత్తారు, వీడు మాత్రం నోరు తెరుచుకుని పైకి చూస్తూ ఉండిపోయి, ఆ పోయిన గొంతుతోనే అడిగాడు: "మావయ్యా, కొండకి ఇంత కన్నం ఎవులు పెట్టీసారు?" మా బావ "దేవుడ్రా" అన్నాడు. పక్కన గైడ్ కుర్రాడు "నీళ్ళు బాబూ" అన్నాడు. మోకాళ్ళు పట్టుకుని మెల్లగా మెట్లు దిగుతున్న మా అమ్మ "ఆవు పడిపోయిన కన్నంరా అది" అంది. ఒక్క నిమిషంలో మూడు జవాబులు. వాడు మూడూ విని, నమ్మాలో వద్దో తెలీక నా మొహం చూశాడు.

అప్పుడు నేనూ ఏదో చెప్పి తప్పించుకున్నాను గానీ ఇంటికొచ్చాక కూర్చుని చదివాను, ఎందుకంటే బొర్రా గురించి ఎక్కడ చూసినా ఒకటే పేరా తిరుగుతుంటుంది, 15 కోట్ల ఏళ్ళ గుహలు, 1807లో కనిపెట్టారు, లోపల శివలింగం ఉంది, బయట బొంగులో చికెన్ బాగుంటుంది, అంతే. ఈ నాలుగింట్లో తిరుగులేని నిజం బొంగులో చికెన్ ఒక్కటే. మిగతావి ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి చిక్కుపడిపోయాయి, ఆ చిక్కు తీద్దామనే ఇది రాయడం.

ముందు ఒక్క మాట. బొర్రా విజయనగరం జిల్లా కాదు, నాకు తెలుసు. 2022 దాకా విశాఖ జిల్లా, ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లా, అనంతగిరి మండలం. కానీ ఎస్.కోట వాళ్ళకి ఆ కొండలు పెరటి గోడ లాంటివి, పొద్దున్న పళ్ళు తోముకుంటూ వాటి మీద మబ్బు ఎంత దిగిందో చూసి వాన సంగతి చెప్పీగలం. పైగా అక్కడ కొండ లోపలినుంచి వచ్చే గోస్తని నది మా జిల్లాలోకే దిగి, గంట్యాడ మండలం తాటిపూడి రిజర్వాయర్లో ఆగి, ఆ తర్వాతే భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. 1960ల్లో కట్టిన ఆ డ్యామ్ నీళ్ళు వైజాగ్ వాళ్ళు కూడా తాగుతారు. కాబట్టి మాకూ వాటా ఉంది.

అసలు సంగతి నా లెక్కలో ఒక్కటే. ఆ కొండ నీళ్ళలో కరుగుతుంది, చుట్టూ ఉన్న కొండలు కరగవు. గుహ గానీ, లింగం గానీ, నది పేరు గానీ, ఆఖరికి సుప్రీం కోర్టు దాకా వెళ్ళిన గనుల గొడవ గానీ, అన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో మనం రోజూ చూసే కొండలు చాలామటుకు గట్టి రాయి. టెక్కలి వైపు క్వారీల్లో తీసి పాలిష్ పట్టి అమ్మే నీలం గ్రానైటు చూసే ఉంటారు. దాని మీద వెయ్యేళ్ళు వాన కురిసినా అరగాలి గానీ కరగదు. అనంతగిరి ఘాట్‌లో ఎక్కువగా కనిపించే రాయి పేరు ఖోండలైట్. 1902లో వాకర్ అనే దొర ఆ పేరు పెట్టాడు, ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదుగానే. కోణార్క గుడి కట్టింది ఎక్కువగా ఈ జాతి రాయితోనే. శివలింగపురం దాటాక రైలు కొండని కోసుకుంటూ వెళ్ళే చోట కిటికీలోంచి చూడండి, తుప్పు పట్టిన ఇనుములాగ ఎర్రగా ఉంటుంది, మధ్యలో గార్నెట్ గింజలు ఉంటాయి. ఈ రాయి నీళ్ళకి కరగదు గానీ కుళ్ళుతుంది. కుళ్ళడం వేరు, కరగడం వేరు. కుళ్ళితే వెనకాల చెత్త మిగులుతుంది, అదే ఎర్రమట్టి, కొండ నెత్తి మీద అయితే గాలికొండలో ఉన్నట్టు బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. కరిగితే ఏమీ మిగలదు, నీళ్ళతో పాటు వెళ్ళిపోతుంది, మిగిలేది ఖాళీ. ఆ ఖాళీయే గుహ.

ఈ ఖోండలైట్ కొండల మధ్యలో, బొబ్బట్టులో పూర్ణం పెట్టినట్టు, అక్కడక్కడా సున్నపురాయి జాతి రాయి పొరలు ఉన్నాయి. బొర్రా దగ్గర ఆ పొర బాగా మందం. అందుకే కన్నం అక్కడే పడింది, పక్క కొండకి పడలేదు.

మనం దాన్ని సున్నపురాయి గుహలు అంటాం, అది సగం నిజం. మొదట్లో సున్నపురాయే. 100 కోట్ల ఏళ్ళకి ముందు సంగతి, అప్పుడిక్కడ సముద్రం, అడుగున తెల్లటి సున్నపు బురద పేరుకుంది. మన తీరం ఊళ్ళలో పాతకాలంలో గుల్లలు కాల్చి గుల్ల సున్నం చేసేవారు కాబట్టి ఇది కూడా గుల్లల వల్లే వచ్చిందనుకుంటాం, నేనూ అలాగే అనుకున్నాను, కానీ గుల్ల ఉన్న జీవి భూమ్మీద అప్పటికి పుట్టనే లేదు. కంటికి కనపడని జీవులు, నీళ్ళలో జరిగే రసాయన మార్పులు కలిసి ఆ సున్నాన్ని సముద్రం అడుక్కి దింపాయి. దాని మీద ఇసుక, బంకమట్టి పేరుకున్నాయి. తర్వాత ఖండాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నప్పుడు ఈ సరుకంతా భూమి లోపలికి 20, 30 కిలోమీటర్లు దిగిపోయి 800 డిగ్రీలు దాటిన వేడిలో నలిగింది. అప్పుడు బంకమట్టి ఖోండలైట్ అయింది. సున్నపురాయి మళ్ళీ కొత్తగా పలుకులు కట్టి పాలరాయి జాతిలోకి మారిపోయింది. ఇదంతా సుమారు 100 కోట్ల ఏళ్ళ క్రితం మాట. అప్పట్లో మన తూర్పు కనుమలకి అంటుకుని ఉన్న ముక్క ఇప్పుడు తూర్పు అంటార్కిటికాలో మంచు కింద ఉంది. అరకు చలికే మఫ్లర్లు చుట్టుకునే మనకి చుట్టాలు అంటార్కిటికాలో ఉన్నారన్నమాట.

గుహలో ఇది కంటితో చూడొచ్చు. రంగు లైట్లు లేని చోట గోడ మీద సెల్ టార్చ్ పక్కనించి వేసి చూడండి. తెల్లగా, కొంచెం గులాబీగా ఉన్న రాయిలో పంచదార పలుకుల్లాంటివి మెరుస్తాయి, అది కాల్సైట్, సున్నపురాయిలో ఉండే అసలు ఖనిజం. మధ్యలో ముదురు ఆకుపచ్చ, నలుపు చారలు మెలికలు తిరిగి, అట్టు మడత పెట్టినట్టు, గోడలోంచి బయటికి ఉబ్బి కనిపిస్తాయి. ఆ బురదలో అప్పట్లో కలిసిపోయిన ఇసుక, వేడికి సున్నంతో కలిసి డయాప్సైడ్ లాంటి ఖనిజాలుగా మారింది, అది కరగదు. చుట్టూ ఉన్న తెల్ల రాయి కరిగి వెనక్కి వెళ్ళిపోతే ఈ చారలు మాత్రం ముసలాయన చేతి నరాల్లాగ తేలాయి. శివపార్వతులు, మొసలి, తల్లీబిడ్డ, ఋషి గడ్డం, మెదడు అని గైడ్‌లు చూపించే ఆకారాలకంటే నాకు ఈ చారలే ఎక్కువ నచ్చాయి, కానీ వాటి ముందు ఎవరూ ఆగరు.

ఒకసారి బేలం గుహలు చూసినవాళ్ళకి తేడా తెలుస్తుంది. నంద్యాల జిల్లాలో ఉన్న బేలం నేల కింద మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవున బల్లపరుపుగా సాగే గుహ, అక్కడి సున్నపురాయి నలగలేదు, కాలలేదు, పొర మీద పొర దొంతరగా అలాగే ఉంది. బొర్రా అలా కాదు, పొడవు తక్కువ, ఎత్తు ఎక్కువ, కప్పు చూడ్డానికి మెడ నొప్పి పుడుతుంది. సముద్ర మట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తులో కొండ మీద ఉండి, మళ్ళీ లోపలికి 80 మీటర్ల దాకా దిగుతుంది.

సరే, కరగడం అంటే ఏటి? రాయి నీళ్ళలో ఉప్పులాగ కరిగిపోతే మన ఇంట్లో పాలరాతి రోలు ఎప్పుడో పోవాలి కదా.

మా ఇంట్లో బోరు నీళ్ళు. ఎలక్ట్రిక్ కెటిల్ కొన్న మూడు నెలలకే అడుగున తెల్లటి పెచ్చు కట్టేసింది, చెంచాతో గోకితే పలకలుగా ఊడొస్తుంది. మా అమ్మ వేణ్ణీళ్ళు కాచే గుండిగ లోపల అయితే అర అంగుళం ఉంటుంది, ఏటా సంక్రాంతికి ముందు చింతపండు, ఉప్పు వేసి తోముతుంది, పోదు. గిన్నెలో పోసినప్పుడు అద్దంలాగ ఉన్న నీళ్ళలో ఆ సున్నం ఎక్కడ దాక్కుంది? ఆ ప్రశ్నకి జవాబు దొరికితే బొర్రా అర్థమైపోయినట్టే.

హైస్కూల్లో సున్నపు తేట ప్రయోగం చేసే ఉంటారు. తమలపాకుకి రాసే సున్నం నీళ్ళలో కలిపి, తేరుకున్నాక పైన తేట మాత్రం గ్లాసులోకి వంచి, గొట్టంతో ఊదుతాం. మన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ తగిలి తేట పాలలాగ తెల్లబడుతుంది. మాస్టారు "చూశారా" అని బోర్డు తుడిచేస్తారు, బెల్ కొట్టేస్తారు, ప్రయోగం అక్కడితో అయిపోయిందనుకుంటాం. కానీ ఆపకుండా ఇంకా ఊదుతూనే ఉంటే ఆ తెలుపు మెల్లగా మాయమై నీళ్ళు మళ్ళీ తేటగా అయిపోతాయి. మొదట వచ్చిన తెలుపు సున్నపురాయి పొడే. ఊపిరి ఎక్కువైన కొద్దీ నీళ్ళకి పులుపు పెరిగి ఆ పొడిని నీళ్ళలో కరిగే బైకార్బొనేట్‌గా మార్చి తనలో కలిపీసుకుంది. ఇప్పుడు ఆ గ్లాసు పొయ్యి మీద పెడితే గ్యాస్ బయటికి పోయి సున్నం మళ్ళీ తెల్లగా దిగుతుంది. కెటిల్ అడుగున పెచ్చు అదే. గ్లాసు బదులు కొండ పెట్టుకోండి.

బొర్రా కొండ మీద అడవి ఉంది. వాన చినుకు గాల్లోంచి వచ్చేటప్పుడే కాస్త కార్బన్ డయాక్సైడ్ పట్టుకొస్తుంది, అది లెక్కలోది కాదు, అసలు పులుపు మట్టిలో ఎక్కుతుంది. వేర్లు, కుళ్ళే ఆకులు, పురుగులు అన్నీ మట్టిలోపల ఊపిరి వదులుతుంటాయి కాబట్టి అక్కడి గాలిలో ఆ గ్యాస్ బయటి గాలికంటే పదుల రెట్లు ఎక్కువ. ఆ మట్టిలోంచి ఇంకిన నీళ్ళు పాలరాతి పగుళ్ళలోకి దిగి, వెళ్ళిన దారి పొడుగునా కొంచెం కొంచెం కరిగిస్తాయి. వెంట్రుకంత పగులు వేలంత అవుతుంది, వేలంతది చెయ్యంత. ఒకసారి దారి పెద్దదయ్యాక వాగు నీళ్ళన్నీ అటే పోతాయి, అప్పుడు ఇక ఆ కొండ పని అయిపోయినట్టే. గోస్తని చేసింది అదే పని. నది కిందికి కోసుకుంటూ పోయేకొద్దీ పైన పాత దారి ఎండిపోయి హాలులాగ మిగిలింది, మనం టికెట్ కొనుక్కుని తిరిగేది ఆ పాత దారిలోనే, నది ఇప్పటికీ ఆ అడుగునించే పోతోంది.

అంటే అడవి లేకపోతే పులుపు లేదు, పులుపు లేకపోతే గుహ లేదు. ఇది తెలిశాక కొండ మీద చెట్లు నరికిన చోట చూస్తే నాకు గుహే గుర్తొస్తుంది.

ఇక ఊడలు. పైనించి వేలాడే వాటిని స్టాలక్టైట్ అని, కింద నుంచి లేచే వాటిని స్టాలగ్మైట్ అని పుస్తకాల్లో ఉంటుంది. చాలామంది నీళ్ళు ఆరిపోయి సున్నం మిగిలితే ఇవి కడతాయనుకుంటారు. లోపల గాలి ఎంత చెమ్మగా ఉంటుందో వెళ్ళినవాళ్ళకి తెలుసు, చొక్కా వీపుకి అంటుకుపోతుంది, అక్కడ నీళ్ళు ఆరడం అంత తేలిక కాదు. జరిగేది గోలీసోడా కొట్టినప్పుడు జరిగేదే. మట్టిలోంచి గ్యాస్ దట్టించుకుని వచ్చిన చుక్క గుహ గాలిలోకి రాగానే గ్యాస్ వదిలేస్తుంది. గ్యాస్ పోతే పులుపు పోయింది, పులుపు పోతే సున్నాన్ని మొయ్యలేదు, చుక్క అంచు చుట్టూ సన్నటి కాల్సైట్ ఉంగరం కడుతుంది. ఉంగరం కింద ఉంగరం, లోపల బోలుగా ఉండే గొట్టం. ఆ గొట్టం పూడుకుపోతే నీళ్ళు బయటనించి జారి అది కారెట్ లాగ లావెక్కుతుంది. కింద పడ్డ చుక్క చెదురుతుంది కాబట్టి మిగిలిన సున్నం చుట్టూ పరుచుకుని కింద లేచేది ఎప్పుడూ లావుగా, మొద్దుగా, నెత్తి గుండ్రంగా ఉంటుంది.

నెత్తి గుండ్రంగా, లావుగా, ఎప్పుడూ పైనించి నీళ్ళు పడుతూ ఉండే రాయి. ఆ వర్ణన చెప్పి ఏటది అని మా అమ్మని అడిగితే ఒక్క క్షణం ఆలోచించదు.

దాని దగ్గరికి వస్తాను, ముందు వయసు లెక్క తేల్చీద్దాం. "15 కోట్ల ఏళ్ళ గుహలు" అన్న మాటలో తప్పేంటంటే అది ఒక్క అంకె, ఇక్కడ ఉన్నవి మూడు వయసులు. గోడ రాయి 100 కోట్ల ఏళ్ళ కిందట వండింది. కన్నం పడటం దానికి చాలా చాలా తర్వాత, ఆ రాయి లోతుల్లోంచి పైకి తేలి, దాని నెత్తి మీద వాన పడి, నది దారి వెతుక్కున్నాకే. ఊడలు కన్నం ఖాళీ అయ్యాక వచ్చినవి కాబట్టి ఇంకా చిన్నవి. గుహల్లో ఊడలు సాధారణంగా ఏడాదికి మిల్లీమీటర్లో పదో వంతు లెక్కన పెరుగుతాయి, చోటుని బట్టి, వానని బట్టి మారుతుంది. ఆ లెక్కన మా మేనల్లుడంత, అంటే నాలుగడుగులు ఉన్న స్టాలగ్మైట్‌కి 12 వేల ఏళ్ళు. తాతగారి ఇంట్లో మనవడు గోడకి కొత్త కేలండర్ తగిలిస్తే ఇల్లు కట్టింది, గోడకి మేకు కొట్టింది, కేలండర్ అచ్చేసింది ఒకే ఏడాది అని అనం కదా, ఇదీ అంతే.

1807 సంగతి కూడా అలాంటిదే. భారత భూవిజ్ఞాన సర్వేలో పనిచేసే విలియం కింగ్ జార్జ్ అనే ఆయన 1807లో ఈ గుహలు కనిపెట్టాడని అందరూ రాస్తారు, బోర్డుల మీద కూడా చూశాను. ఆ సర్వే పుట్టిందే 1851లో. ఆఫీసు పుట్టకముందు 44 ఏళ్ళ కిందట ఆ ఆఫీసు ఉద్యోగి వచ్చి ఎలా కనిపెట్టాడో ఒక్కరూ ఆగి ఆలోచించరు, కాపీ కొట్టీసి వెళ్ళిపోతారు. విలియం కింగ్ అనే ఆయన నిజంగానే ఆ సర్వేలో ఉన్నాడు, 1887లో డైరెక్టర్ కూడా అయ్యాడు, కానీ అది మరో కాలం. అయినా కనిపెట్టడం అంటే ఏటి? గుహ దగ్గర పాత రాతియుగం నాటి రాతి పనిముట్లు దొరికాయి. దొర రాకముందు వేల ఏళ్ళ నుంచి మనుషులు ఆ చుట్టుపక్కల తిరుగుతూనే ఉన్నారు, ఆవులు కూడా ఆ కొండ నెత్తి మీద మేస్తూనే ఉన్నాయి.

ఆవు కథ అక్కడి గిరిజన ఊళ్ళలో చెప్పుకునేది. కొండ మీద మేస్తున్న ఆవు కాలుజారి కన్నంలోంచి కింద పడిపోయింది, కాపరి వెతుక్కుంటూ లోపలికి దిగాడు, చూస్తే ఆవుకి ఏమీ కాలేదు, పక్కన రాతి లింగం ఉంది. ఆవుని శివుడే కాపాడాడని అక్కడ పూజ మొదలైంది. ఇప్పటికీ లోపల మెట్లెక్కి ఆ లింగం దగ్గరికి వెళ్తారు, దాని పైన ఆవు రూపంలో ఉందని చూపించే రాయి ఉంటుంది, దాని పొదుగు నుంచే నది పుట్టిందని నమ్మకం, గోస్తని అంటే ఆవు పొదుగు. శివరాత్రికి చుట్టుపక్కల గూడేల నుంచి జనం వస్తారు. ఎస్.కోట వాళ్ళం మాత్రం శివరాత్రికి పుణ్యగిరి ఎక్కుతాం, అక్కడా కొండ, అక్కడా ధార, అక్కడా ఈశ్వరుడే. మా వైపు నీళ్ళు రాతిలోంచి ఊరిన చోటల్లా శివుడు ఉంటాడు.

ఇప్పుడు ఈ కథని "మూఢనమ్మకం" అని కొట్టిపారేసేవాళ్ళకి నేనొకటి చెప్తాను. కథలో విషయాలు చూడండి. కొండకి పైనుంచి కన్నం ఉంది, నిజమే, కప్పు కూలి వెలుతురు పడే చోటు మనం కూడా చూశాం. కరిగే రాయి ఉన్న కొండ మీద నేల గుంటలు పడి కింద గుహలోకి తెరుచుకోవడం మామూలే, మేతకెళ్ళిన పశువు పడటం ఇంకా మామూలు. లోపల లింగం ఆకారంలో రాయి ఉంది, అదీ నిజమే. దాని మీద పైన వేలాడే పొదుగులాంటి రాళ్ళ నుంచి నీళ్ళు చుక్కలు చుక్కలుగా పడతాయి, ఆ నీళ్ళు పాలలాగ తెల్లటి సున్నాన్ని దింపుతాయి, అదీ నిజమే. కాపరి చూసింది తప్పు కాదు, సరిగ్గా చూసి తనకి తెలిసిన మాటల్లో చెప్పాడు. స్వయంభువు అంటే ఎవరూ చెక్కకుండా తనంతట తాను వెలసినది, స్టాలగ్మైట్‌కి అంతకంటే మంచి తెలుగు మాట నాకైతే దొరకలేదు. మా అమ్మకి ఈ మాట చెప్తే "అదే కదా నేనన్నది" అంది.

పేరు విషయానికొస్తే, తెలుగులో బొర్ర అంటే పొట్ట, ఒడియాలో కన్నం అనే అర్థం ఉందంటారు. ఏది పట్టుకున్నా కొండకి అతికినట్టే ఉంది.

ఈ తెల్లరాయి మీద ఇంకో చూపు కూడా పడింది, దాని గురించి టూరిస్టు బ్రోచర్లలో ఉండదు. కాల్సైట్ పెయింట్లకి కావాలి, కాగితానికి, రబ్బరుకి, పింగాణీకి కావాలి. ఈ రాయిలోనే అభ్రకం కూడా ఉంటుంది. మా జిల్లాలో గనుల కథ పాతది, 1892 నుంచే ఇక్కడ మాంగనీసు తవ్వుతున్నారు, గరివిడి వైపు వెళ్తే రోడ్డు పక్క నల్లటి దిబ్బలు కనిపిస్తాయి. కానీ అది మైదానం, ఇది ఏజెన్సీ. ఏజెన్సీ భూమి గిరిజనేతరులకి పోకుండా 1959లో చట్టం వచ్చింది, 1970లో దాన్ని ఇంకా బిగించారు. అయినా అనంతగిరి మండలంలో, బొర్రా చుట్టుపక్కల ఊళ్ళలో, ప్రైవేటు వాళ్ళకి గనుల లీజులు ఇచ్చారు. ప్రభుత్వం వాదన ఏటంటే, గిరిజనుడి భూమి కొనకూడదు గానీ సర్కారు భూమి సర్కారు లీజుకిస్తే మీకేంటి అని. సమత అనే సంస్థ కోర్టుకెళ్ళింది, హైకోర్టులో ఓడిపోయింది, సుప్రీం కోర్టుకి వెళ్ళింది. 1997 జూలై 11న ఇద్దరు జడ్జీలు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు ఉండగా తీర్పు వచ్చింది: ఆ చట్టంలో "వ్యక్తి" అంటే ప్రభుత్వం కూడా వస్తుంది, కాబట్టి షెడ్యూల్డ్ ప్రాంతంలో, అంటే ఏజెన్సీలో, సర్కారు భూమి కూడా గిరిజనేతరులకి లీజుకివ్వడం చెల్లదు. దేశమంతా సమత తీర్పు అని చెప్పుకునేది ఇదే. ఒడిశా, జార్ఖండ్ గనుల గొడవల్లో కూడా లాయర్లు దీన్ని ఎత్తుతారు. ఆ కేసు మొదలైంది బొర్రా చుట్టూ ఉన్న ఊళ్ళ నుంచేనని, మనం సెల్ఫీలు దిగే గుహ గోడలో ఉన్న జాతి రాయి కోసమేనని వెళ్ళేవాళ్ళలో ఎందరికి తెలుసు?

ఇక వెళ్దామనుకునేవాళ్ళకి. నా ఓటు రైలుకే. కొత్తవలస నుంచి కిరండూల్ దాకా వెళ్ళే ఈ లైను 1960ల్లో ఛత్తీస్‌గఢ్ వైపు బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాన్‌కి పంపడానికి వేశారు, మనుషుల్ని ఎక్కించుకోవడం దానికి పక్క పని, ఇప్పటికీ గూడ్స్‌కి దారిచ్చి మన రైలు ఆగుతుంది, తిట్టుకోకండి, లైను వాళ్ళది. విజయనగరం వాళ్ళు వైజాగ్ దాకా వెళ్ళి వెనక్కి రానక్కర్లేదు, బస్సులో కొత్తవలసో ఎస్.కోటో వచ్చి ఎక్కొచ్చు. అద్దాల విస్టాడోమ్ బోగీ 2017 నుంచి ఉంది, అది కావాలంటే ముందే రిజర్వేషన్ చేసుకోవాలి, కానీ తలుపు దగ్గర నించునే జనరల్ బోగీ సుఖం దానికి లేదు (ఇలా రాశానని మా అమ్మకి చెప్పకండి). బొడ్డవర దాకా మైదానం, తర్వాత ఎక్కుడు.

డిసెంబర్, జనవరి ఆదివారాల్లో వెళ్తే గుహ చూడరు, మనుషుల వీపులు చూస్తారు. వానలు వెనకబట్టిన అక్టోబర్, నవంబర్ వారం మధ్యలో వెళ్తే ఊడల నుంచి చుక్కలు పడటం చెవులతో వినొచ్చు. అనంతగిరి రోడ్డు మీద సీతాఫలాల సీజన్ కూడా ఇంచుమించు అప్పుడే. మెట్లు తడిగా ఉంటాయి, నున్నటి చెప్పులు వద్దు, నేను మాట వినక ఒకసారి కూర్చున్న పళాన మూడు మెట్లు దిగాను. గేటు దగ్గర కోతులు పిల్లల చేతిలో చిప్స్ ప్యాకెట్ చూస్తే వదలవు. గబ్బిలాల వాసన ఉంటుంది, ఐదు నిమిషాల్లో అలవాటైపోతుంది.

ఊడల్ని ముట్టుకోవద్దని బోర్డు ఉంటుంది, ఎందుకో రాయరు. చేతి జిడ్డు అంటితే ఆ చోట కొత్త కాల్సైట్ సరిగ్గా పట్టదు, నల్లబడుతుంది, చెయ్యి అందే ఎత్తులో ఉన్నవన్నీ ఎందుకు నల్లగా నున్నగా ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది. లైట్ల చుట్టూ పచ్చగా నాచు పడుతుంది, చీకట్లో పుట్టిన గుహకి అది లేని రోగం. అన్ని రంగులూ రోగం కాదు లెండి, లోపల ఊట దగ్గర నారింజ రంగు జిగురు పొర ఉంటుంది, అది సూక్ష్మజీవులు కట్టుకున్న చాప, ఆ చీకట్లో వాటి బతుకు వాటిది, పరిశోధకులు దాని మీద పేపర్లు రాశారు. ఈ ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు మాత్రం నాకు అస్సలు నచ్చవు, పెళ్ళి పందిరిలాగ ఉంటుంది, తెల్లరాయి అసలు రంగు ఏటో చూడనివ్వవు.

తిరిగొచ్చిన మర్నాడు మా అమ్మ తమలపాకుల పెట్టెలోంచి సున్నం తీసి, రాత్రి నానబెట్టి, తేట గ్లాసులోకి వంచి, మేనల్లుడి చేతికి ఫ్రూటీ స్ట్రా ఇచ్చాను. "ఊదు, పీల్చీకు, నోరు పొక్కిపోద్ది" అని మా అమ్మ వాడి నెత్తి మీదే కూర్చుంది. నాలుగు ఊదులకే తెల్లబడింది. వాడు ఎగిరి గంతేసి గ్లాసు కింద పెట్టబోయాడు. అయిపోలేదురా, ఇది సముద్రం, కొండకి కన్నం ఇంకా పడలేదు, ఊదు అన్నాను. ఊదాడు, బుగ్గలు ఎర్రబడ్డాయి, కళ్ళలో నీళ్ళొచ్చాయి, గ్లాసులో తెలుపు కొంచెం పలచబడిందో లేదో తెలీనట్టుగా ఉంది. స్ట్రా నోట్లోంచి తీసి అడిగాడు.

"ఇంకా ఎంతసేపు మావయ్యా?"